రాజుగారి శ్రుతి ఐదున్నర

కరెంటు పోతే కంప్యూటరు తనకు తెలిసినదంతా మర్చిపోయే రోజులవి. మనుషులు మాత్రం చాలా గుర్తుపెట్టుకునేవారు. మా అమ్మకు చుట్టాలందరి ఫోన్ నంబర్లూ నోటికి వచ్చేవి. మా వీధి పాలాయనకు ఎవరింట్లో ఎవరు పాలు తాగరో, ఎవరు తాగనని చెప్పి తాగుతారో కూడా తెలిసేది. ఇప్పుడా వరస తిరగబడింది. నా పుట్టుపూర్వోత్తరాలన్నీ నా ఫోనుకు తెలుసు, నా సొంత నంబరు చెప్పాలంటే నేను ఒక క్షణం ఆగాలి. అలా ఆగినప్పుడల్లా నాకు మా మావయ్య, ఆయన హార్మోనియం, బాపట్లలో ఒక సాయంత్రం నా పుణ్యమా అని తనది కాని శ్రుతిలో చిక్కుకుపోయిన ఒక రాజుగారు గుర్తుకొస్తారు.

అప్పటికి నేను డిగ్రీ పూర్తిచేసి తెనాలి స్టేషను దగ్గర ఒక నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. కంప్యూటర్ల గురించి నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పేచోట చేరే స్తోమత లేక కాదు (కొంచెం అదీ ఉంది), గ్రంథాలయంలో పుస్తకం దొరుకుతుంటే గురువుతో పనేంటని నా గట్టి నమ్మకం. మా శాఖా గ్రంథాలయంలో వంటల పుస్తకాలకూ జ్యోతిషానికీ మధ్య ఒక అరలో కంప్యూటరు పుస్తకాలు ఉండేవి. అర్థమైనవీ కానివీ అన్నీ చదివాను. అర్థం కానిదాన్ని మళ్ళీ తీసుకెళ్తుంటే లైబ్రేరియన్ గారు “బాగా నచ్చినట్టుందే” అనేవారు. నేను కాదనేవాణ్ణి కాదు. ఆ అర పూర్తయ్యేసరికి ఈ జిల్లాలో నాకంటే తెలిసినవాడు లేడని ఒక అభిప్రాయం ఏర్పడింది, నాకు మాత్రమే.

మా మావయ్య హార్మోనిస్టు. పద్యనాటకాలకు వాయించేవాడు. ఆ నాటకాల పద్ధతి చూడనివారికి కొంచెం చెప్పాలి. నటులంతా ఒక కంపెనీవాళ్లు కారు. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కొక్కరిని పిలిపిస్తాడు. ఒకరు రేపల్లె బస్సు దిగి, ఇంకొకరు చీరాల ప్యాసింజరు దిగి నేరుగా మేకప్ రూముకే వస్తారు. రిహార్సల్ అనే మాటే లేదు, పద్యాలు అందరికీ వచ్చినవే. కాకపోతే ఒక్కో గొంతు ఒక్కో శ్రుతిలో పలుకుతుంది. హార్మోనియం మెట్లకు ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర అని లెక్క ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి లేవాలి. నటుడు తెర పక్క నుంచి అడుగు బయటపెట్టేసరికి అతని శ్రుతి హార్మోనియం మీద సిద్ధంగా ఉండాలి. కొత్తవాళ్లనైతే “మీ శ్రుతి ఎంతండి” అని అడగొచ్చు. పేరున్న నటుణ్ణి అలా అడిగితే “ఇంతకీ మీరెవరండి” అని అడిగినట్టే. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఏ నటుడిది ఏ శ్రుతో మా మావయ్యకు కంఠతా వచ్చని ప్రసిద్ధి. అరవై దాటాక అది కొద్దికొద్దిగా జారసాగింది. మొదట కొత్తవాళ్లవి పోయాయి. తర్వాత పాతవాళ్లవీ.

రేపల్లెలో ఒక నాటకంలో మావయ్య, తాను ఎన్నో ఏళ్లుగా వాయిస్తున్న మంత్రి వేషధారిని పట్టుకుని “తమరిదెంతండి?” అని అడిగేశాడు. మంత్రిగారు స్టేజీ ఎక్కి, తన పద్యాలన్నీ రాగం లేకుండా, న్యూస్ చదివినట్టు చదివేసి దిగిపోయాడు. అంతకంటే పెద్ద నిరసన ఆ రంగంలో లేదు. తిరుగు రైల్లో కాంట్రాక్టరు మావయ్య పక్కన కూర్చుని మర్యాదగానే మొదలుపెట్టాడట.

“మాస్టారూ, వచ్చే నెల బాపట్లలో నాటకం ఉందండి. మీరే రావాలి. కాకపోతే చీరాలలో ఒకతను కీబోర్డు వాయిస్తున్నాడు. అన్నీ అందులోనే ఎక్కించుకుంటాడంట, ఎవర్నీ అడగడంట.”

“అంటే, నన్ను మానుకోమంటున్నావా?”

“అయ్యయ్యో, అంత మాట కాదండి. బాపట్ల అవనివ్వండి. అది చూశాక ఆలోచిద్దాం.”

ఆ సంగతి చెప్పి మావయ్య అన్నం ముందు కూర్చుని కలపకుండా వదిలేశాడు. “హార్మోనియం మీద నుంచి లేపేస్తే నేనింక ఏంటిరా అల్లుడూ? పొద్దున లేచి ఎటు పోవాలి?” అన్నాడు. మావయ్య అడిగినదానికి నా దగ్గర సమాధానం ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి. “ఆ శ్రుతులన్నీ నేను కంప్యూటర్లో పెట్టిస్తాను మావయ్యా” అన్నాను. నా దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉండేది. దాని బ్యాటరీ ఎప్పుడో కాలం చేసింది, గోడకు తగిలించినంతసేపే దానికి ప్రాణం. వారం తిరక్కుండా ప్రోగ్రాము రాశాను. పేరు కొడితే శ్రుతి చెబుతుంది, అంతే. మావయ్య గుర్తున్నంతవరకు చెబుతుంటే, గుర్తులేనివాళ్లకు నేను ఫోన్లు చేసి కనుక్కుని ఎక్కించాను. పేరు అడిగితే అంకె టక్కున వస్తుంటే మావయ్య పసివాడిలా మళ్ళీ మళ్ళీ అడిగించుకున్నాడు. అప్పుడు అత్తయ్య వంటింట్లోంచి మిక్సీ పట్టుకొచ్చి, ల్యాప్‌టాప్ ప్లగ్గు పీకి, మిక్సీ ప్లగ్గు పెట్టి కొబ్బరి పచ్చడి తిప్పింది.

మళ్ళీ తగిలించి ప్రోగ్రాము తెరిస్తే అందులో ఒక్క నటుడూ లేడు. అందరూ పచ్చడిలో కలిసిపోయారు. నేను రాసిన ప్రోగ్రాము అన్నిటినీ మిషను తలలోనే పెట్టుకుంది, డిస్కు మీద ఎక్కడా రాసుకోలేదు. కరెంటు పోగానే తలా పోయింది.

“ఒక పచ్చడికే మర్చిపోయేదానికి మీ మావయ్య ఏం తక్కువయ్యా? ఆయనైతే కనీసం పచ్చడి రుచన్నా చెబుతాడు” అంది అత్తయ్య.

మర్నాడు గ్రంథాలయం తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చున్నాను. నాకు ఇదివరకు అర్థం కాని పుస్తకాల్లో ఒకదాని చివర, ఎవరూ తిరగేయని పేజీల్లో, నాకు కావలసింది దొరికింది. పెద్ద కంపెనీలు వాడే డేటాబేసులు కాదు. ఒకే ఒక ఫైలు. అందులో జతలు జతలుగా దాచుకోవచ్చు: ఒక పేరు, దానికి ఎదురుగా ఒక విలువ. పేరును అక్కడ కీ అంటారు. కీ ఇస్తే విలువ తెచ్చిస్తుంది. కరెంటు పోయినా, మిషను ఆపినా ఫైలు డిస్కు మీద అలాగే ఉంటుంది. స్టేషను బయట సైకిల్ స్టాండులో టోకెన్ ఇస్తే మన సైకిలు తెచ్చిస్తారు కదా, అంతే. స్టాండాయన మధ్యాహ్నం నిద్రపోయినంత మాత్రాన సైకిళ్లు మాయం కావు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పారు: పని అయ్యాక ఫైలును సరిగ్గా మూయాలి, లేకపోతే చివర రాసినవి డిస్కుకు చేరకపోవచ్చు. అది కాగితం మీద ఎక్కించుకున్నాను. దాని కింద ఇంకో వాక్యం ఉంది. ఉన్న కీకే మళ్ళీ విలువ ఇస్తే పాత విలువ పోయి కొత్తది నిలుస్తుంది, అని. ఎంత మర్యాద తెలిసిన వ్యవస్థ, మనసు మార్చుకున్నవాణ్ణి ఎందుకని అడగదు, అని మెచ్చుకుని పేజీ తిప్పేశాను.

ఇంటికొచ్చి ప్రోగ్రాము తిరగరాశాను. ఈసారి నటుల్ని ఎక్కించి, అత్తయ్యను పిలిచి, “నువ్వే పీకు అత్తయ్యా” అన్నాను. ఆవిడ పీకింది. తగిలించింది. తెరిచి మంత్రిగారి పేరు కొట్టాను. రెండున్నర అని వచ్చింది. మావయ్య నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. “ఇంక మరుపనేది లేదన్నమాట” అన్నాడు. లేదన్నాను. ఇప్పుడైతే అంత ధైర్యంగా ఎవరికీ ఏ హామీ ఇవ్వను.

బాపట్ల నాటకం పొద్దుగుంకే వేళకు మొదలు. మేము మధ్యాహ్నం రైలుకే వెళ్లి, నేను మేకప్ రూములో ప్లగ్గు పక్కన ఒక ట్రంకుపెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. కాంట్రాక్టరు చివరి నిమిషంలో నటుల్ని మార్చాడు కాబట్టి ఎవరు వచ్చారో చూసి అప్పటికప్పుడు ఎక్కించుకోవాలి. పెద్ద నటుల్ని మావయ్య అడిగితే తప్పుగానీ, నాలాంటి అనామకుడు అడిగితే తప్పులేదని మేము ముందే అనుకున్నాం. అక్కడ ఎవరూ ఎవర్నీ అసలు పేరుతో పిలవరు. “మంత్రిగారికి టీ ఇచ్చారా?” “సేనాధిపతి ఎక్కడ, బాత్రూముకెళ్లాడా?” అన్నీ అలాగే. నేనూ ఆ పద్ధతే పట్టాను. వేషం పేరే కీ, శ్రుతి దాని విలువ. మొదట కిరీటం, కోరమీసం, గులాబీరంగు ముఖంతో ఒకాయన వచ్చి కూర్చున్నాడు.

“తమరిదేంటండి?”

“రాజు.”

“శ్రుతండి?”

“నాలుగు.”

కొట్టాను. తర్వాత హాస్యగాడు వచ్చి తనది మూడున్నర అన్నాడు. కొట్టాను. (హార్మోనియం మీద మూడు తర్వాత నేరుగా నాలుగే, మూడున్నర లేనే లేదని, ఆ సంగతి పిల్లలకు కూడా తెలుసని మావయ్య చెప్పేదాకా రూమంతా ఎందుకు నవ్విందో నాకు తెలియలేదు.) ఇంకాసేపటికి రాజుగారు మళ్ళీ వచ్చాడు. అదే కిరీటం, అదే మీసం. “రాజు. రెండున్నర” అన్నాడు. ఇందాక నాలుగన్నాడు కదా, గొంతు పట్టేసిందేమో పాపం, అనుకుని కొట్టాను. నాటకం మొదలవబోతుండగా రాజుగారు మూడోసారి ఆయాసపడుతూ వచ్చి “రాజు. రాసుకో. ఐదున్నర” అన్నాడు. నాకు ఆయన మీద కొంచెం జాలి, కొంచెం విసుగు కలిగాయి.

“ఖాయమేనాండి? మళ్ళీ మార్చరు కదా?”

“మార్చడమేంటి? నాకు గొంతు వచ్చినప్పటి నుంచీ ఐదున్నరే.”

కొట్టాను. ఫైలు సరిగ్గా మూశాను, డిస్కుకు చేరిందని తృప్తిపడ్డాను. నేను చిన్నప్పుడు మావయ్యతో ఎన్ని నాటకాలకు వెళ్లినా మొదటి పద్యానికే నిద్రపోయేవాణ్ణి. ఆ కారణంగా నాకు తెలియని విషయం ఒకటుంది. పద్యనాటకంలో రాజు వేషం ఒక్కరు వేయరు. ముగ్గురు వేస్తారు. పద్యాలు ఎక్కువ, గొంతులు ఆగవు, పైగా ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం జనానికి పండగ. ఒకటో రాజు, రెండో రాజు, మూడో రాజు. వేషం మాత్రం ఒకటే, మేకప్‌మ్యాన్ దగ్గరున్న గులాబీరంగూ ఒకటే.

తెర లేచింది. స్టేజీ పక్కన మావయ్య హార్మోనియం, ఆయన మోచేతి దగ్గర నేను, నా ఒళ్లో ల్యాప్‌టాప్, దాని వెనక పాములా వైరు. ఒకటో రాజు వచ్చాడు. బాపట్ల వాళ్లకు ఆయన సొంత మనిషి, అప్పటికే పెద్దవాడు, ఒకప్పుడు ఆయన రాగం తీస్తే పక్క వీధిలో సైకిళ్లు ఆగేవని చెప్పుకునేవారు. మావయ్య నా వైపు వంగాడు.

“రాజుగారిదెంతరా?”

“ఐదున్నర.”

“ఐదున్నరేనా? ఆయనకి...”

“ఫైల్లో ఉంది మావయ్యా.”

మావయ్య ఐదున్నర పట్టాడు. అదివరకు ఆయన నటుడి కళ్ళలోకి చూస్తూ వాయించేవాడు. ఆ రోజు నా ల్యాప్‌టాప్ తెర వైపే చూశాడు. రాజుగారు ఉలిక్కిపడి, అరచెయ్యి కిందికి పెట్టి మెల్లగా రెండుసార్లు ఆడించాడు. ప్రజల్ని ఆశీర్వదిస్తున్నాడనుకున్నాను. హార్మోనియం శ్రుతి మాత్రం దిగి రాలేదు. ముందు ఊరంతా కూర్చుని ఉంది. రాజుగారు ఒక్కసారి కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని, ఐదున్నరలో ఎత్తుకున్నాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. గులాబీరంగు కింద ముఖం ఇంకో రంగుకు మారడం నాకు దగ్గర నుంచి కనిపించింది. చివరి పాదానికి వచ్చేసరికి ఆయన కాలి మునివేళ్ల మీద ఉన్నాడు. అయినా పద్యం పూర్తిచేశాడు, పైన పట్టిన రాగాన్ని తెగకుండా దింపాడు. జనం లేచి నిలబడ్డారు.

“వన్స్‌మోర్!”

రాజుగారి కళ్ళలో నేను చూసినంత భయం ఏ యుద్ధంలోనూ ఏ రాజూ పడి ఉండడు. అయినా వన్స్‌మోర్ అంటే పాడాల్సిందే, అది అక్కడి నియమం. రెండోసారి సగం పద్యం దాటాక గొంతు చీలింది. ఆయన ఎంత అనుభవజ్ఞుడంటే, ఆ చీలికను అక్కడికక్కడే వెక్కి ఏడుపుగా మార్చేసి, కిరీటం తీసి గుండెలకు హత్తుకుని కూలబడ్డాడు. నిజానికి ఆ పద్యం రాజు వేటకు బయల్దేరేటప్పుడు సంతోషంగా పాడేది. ముందు వరసలో ఆడవాళ్లు కళ్ళు తుడుచుకున్నారు.

రాజుగారు లోపలికి వెళ్లి బల్ల మీద వాలిపోయి సోడా తాగుతుండగా, అదే రాజుగారు ఇవతలి తెర పక్కన నిలబడి కండువా సర్దుకోవడం చూశాను. వాళ్ల వెనక, గోడకు ఆనుకుని, ఇంకో రాజుగారు పల్లీలు తింటున్నారు.

“రెండో రాజుది చెప్పరా” అన్నాడు మావయ్య.

“మావయ్యా, రాజులు ఎంతమంది?”

“ముగ్గురు.”

“నా ఫైల్లో ఒక్కడే ఉన్నాడు.”

మావయ్య నన్నొకసారి చూసి, తిట్టకుండా, ల్యాప్‌టాప్ మూత నెమ్మదిగా వేసేశాడు. తర్వాత తలెత్తి రెండో రాజు కళ్ళలోకి చూస్తూ ఒక మెట్టు నొక్కాడు. రాజు కనుబొమ ముడిపడింది. ఇంకో మెట్టు దిగాడు. ఇంకా ముడి వీడలేదు. ఇలా దిగుతూ దిగుతూ, కనుబొమ విడిన చోట ఆగాడు. ఆ వెతుకులాటనే వరసగా అల్లి వాయిస్తుంటే జనం అది కొత్త బాణీ అనుకుని చప్పట్లు కొట్టారు. మూడో రాజుకూ అంతే. నాటకం గట్టెక్కింది. కానీ ఒకటో రాజుకు జరిగింది జరిగిపోయింది, కాంట్రాక్టరు స్టేజీ కింద నుంచి అంతా చూస్తూనే ఉన్నాడు.

తెర పడగానే కాంట్రాక్టరు వచ్చి, “పెద్దాయన మిమ్మల్ని పిలుస్తున్నారు మాస్టారూ” అన్నాడు. ఆ గొంతులోనే మిగతాదంతా ఉంది. మావయ్య హార్మోనియానికి గుడ్డ కప్పి, దాని మీద ఒకసారి చెయ్యి రాసి లేచాడు. నేను ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెనకాలే నడిచాను. రాజుగారు సగం మేకప్ తుడుచుకుని, సగం గులాబీరంగుతో కుర్చీలో ఉన్నాడు. గొంతు పూర్తిగా పోయింది, మాట గుసగుసగా వస్తోంది.

“ఏంటి మాస్టారూ, ఐదున్నర పెట్టారు నాకు?”

మావయ్య నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను. “అది మావయ్య తప్పు కాదండి. కీ ఒకటే అవడంతో పాత విలువ పోయి...”

“నువ్వాగు నాయనా.” ఆయన మావయ్య చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు. “నాకు వన్స్‌మోర్ పడి ఎన్నాళ్లయిందో తెలుసాండి? ఎక్కడికెళ్లినా, పెద్దవాడైపోయాడు పాపం అని తగ్గించి పెడుతున్నారు. నాలుగు, నాలుగు, నాలుగు. అడిగితే నేనూ నాలుగే అనేస్తున్నాను. వీడిలో ఇంకా ఉందని మీరొక్కరే అనుకున్నారు.” తర్వాత కాంట్రాక్టరు వైపు తిరిగి, “ఇదిగో, నన్ను పిలవాలంటే ముందు ఈయన్ని పిలువు. లేదంటే నేను రాను” అన్నాడు. కాంట్రాక్టరు “అంతకంటేనాండి” అన్నాడు. చీరాల కీబోర్డు మాట మళ్ళీ వినపడలేదు. మేము గుమ్మం దాటుతుండగా రాజుగారు నన్ను వేలితో పిలిచాడు. “అబ్బాయ్, నీ పెట్టెలో నాది ఐదున్నర అని ఖాయంగా రాసుకో.”

ఆ తర్వాత ఫైలు బాగుచేశాను. వేషం, వరస, ఊరు, మనిషి పేరు, అన్నీ కలిపి కీ. ఇక ఏ రాజూ ఏ రాజునూ చెరిపేయలేదు. ఒకటో రాజుగారికి ఎదురుగా ఐదున్నర పెట్టాను, ఆయన మాట ప్రకారం. రేపల్లెలో తర్వాతి నాటకానికి మావయ్య నన్ను అడిగాడు, నేను ఐదున్నర అన్నాను, ఆయన తలూపి నాలుగు పట్టాడు. నేను తప్పు మెట్టని సైగలు చేస్తుంటే, హార్మోనియం చాటున నా కాలు తొక్కాడు. రాజుగారు హాయిగా పాడి, వన్స్‌మోర్ కొట్టించుకుని, హాయిగా మళ్ళీ పాడాడు. దిగి వచ్చి చెమట తుడుచుకుంటూ, “చూశావా అబ్బాయ్, ఐదున్నర ఎంత అలవాటైపోయిందో” అన్నాడు. నేను ఏదో అనబోతే మావయ్య “అవునండి, మీకేంటండి” అన్నాడు.

తెనాలి రైల్లో ఆ తిరుగు ప్రయాణమంతా నేను మావయ్యతో పోట్లాడాను. ఫైల్లో ఒకటి, హార్మోనియం మీద ఒకటి ఉంటే ఎలా? అది తప్పు డేటా, సరిచేయాలి, పుస్తకంలో కూడా అదే రాశారు, అన్నాను. మావయ్య కిటికీ లోంచి వరిచేలు చూస్తూ, “ఉండనీరా. అది ఆయన అడిగిన శ్రుతి. ఇది ఆయన పాడే శ్రుతి. రెండూ ఆయనవే” అన్నాడు. ఈయనకు కంప్యూటర్లు ఎప్పటికీ అర్థం కావని జాలిపడ్డాను. అలా ఇంకొన్నేళ్లు సాగింది. ఆయన హార్మోనియం మీద నుంచి తనకై తానే లేచాడు, ఎవరూ లేపలేదు. ఇప్పుడు మావయ్యా లేడు, రాజుగారూ లేరు. నేను మాత్రం అదే వృత్తిలో స్థిరపడి, లక్షలమంది డేటాలో తప్పులు ఏరి దిద్దుతూ జీతం తీసుకుంటున్నాను.

మొన్న తెనాలిలో ప్యాంటు కొనడానికి బట్టల షాపుకు వెళ్లాను. నడుం ఎంత సార్ అని అడిగితే ముప్పైరెండు అన్నాను, తడుముకోకుండా. షాపాయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, “అవునండి” అని, నిచ్చెనెక్కి వేరే అరలోంచి ఒకటి తీసి, దానికున్న సైజు చీటీ చించేసి ఇచ్చాడు. వేసుకుంటే చక్కగా పట్టింది. ముప్పైరెండులో ఇంత హాయిగా ఉండే ప్యాంటు ఈమధ్య ఎక్కడా దొరకలేదని ఆయనతో చెప్పి, రెండు జతలు తీసుకున్నాను.